మంచులో కాలవ గట్టు అంచు కనపడాలంటే: స్పోర్ట్స్ కారు ఫాగ్ లైట్లకు మంచి బల్బులు వేసుకోవడం ఎలా?

ధనుర్మాసం మొదలైన దగ్గర్నుంచి రథసప్తమి దాకా మన గోదావరి డెల్టాలో తెల్లవారుజామున కారు తీసేవాళ్ళకు మంచు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. కోతలయిన చేలు, నిండా పారే కాలవలు, ఊళ్ళకు ఊళ్ళే చుట్టేసిన చేపల చెరువులు. తేమకేం కొదవ? రాత్రి గాలి ఆగి నేల చల్లబడగానే ఆ తేమంతా మంచై రోడ్డు మీద పరుచుకుంటుంది. 216 జాతీయ రహదారి మీద చించినాడ వంతెన దగ్గరైనా, 16 మీద సిద్ధాంతం దగ్గరైనా గోదావరి దాటేటప్పుడు ఒక్కసారిగా ఎదురుగా తెల్లటి తెర దిగినట్టవుతుంది. వంతెనకు కనీసం రెయిలింగు ఉంటుంది. ఊళ్ళలోకి వెళ్ళే కాలవ గట్టు రోడ్లకు అదీ ఉండదు. తారు అయిపోయాక మూరెడు మట్టి, ఆ తర్వాత నీళ్ళు.

అందుకే మన దగ్గర ఫాగ్ లైటు (మంచు కోసం బంపరులో కిందగా ఉండే లైటు) అంటే ముందు ఎంత దూరం కనపడుతోందన్నది కాదు ప్రశ్న. ఆ మూరెడు మట్టి ఎక్కడుందో కనపడాలి. బల్బు కొనేటప్పుడూ, బిగించేటప్పుడూ, దించి సరిచేసేటప్పుడూ ఈ ఒక్క మాట మనసులో పెట్టుకోండి.

నా సంగతి ముందు చెబుతాను. సెకండ్ హ్యాండ్‌లో నేను కొన్న స్పోర్ట్స్ కారు నేలకు బాగా దగ్గరగా ఉంటుంది. దాని ఫాగ్ లైట్లు మరీ గుడ్డిగా ఉన్నాయని, డబ్బా మీద పెద్ద పెద్ద అంకెలున్న తెల్ల ఎల్ఈడీ బల్బులు తెప్పించి వేశాను. ఇంటి ప్రహరీ మీద పడినప్పుడు పట్టపగల్లా ఉంది. ఆ వారంలోనే భోగికి ముందు, కొత్తపేట దాటాక ఒక గట్టు రోడ్డులో వెళుతున్నాను. మంచులో నా ముందు పాలు ఒలకబోసినట్టు తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. ఎదురుగా ధాన్యం బస్తాల ట్రాక్టరు వచ్చి ఆగిపోయింది. డ్రైవరు దిగి నా అద్దం దగ్గరికి వచ్చాడు.

"బాబుగారూ, మీ లైట్లు రోడ్డు మీద పడట్లేదండీ, మొహంలోకి కొడతన్నాయి. నాకు గట్టు అంచు కనపళ్ళేదండీ."

లైట్లు ఆర్పేసి, సెల్ ఫోను టార్చితో వెళ్ళి చూశాను. ట్రాలీ వెనక చక్రం గట్టు అంచుకి జానెడు దూరంలో ఉంది. చక్రం పక్కన తడి మట్టి పెళ్ళలు పెళ్ళలుగా విరిగి కాలవలోకి జారుతున్నాయి. ఆ బల్బుల్ని ఆ రోజే పీకేశాను. ఆ తర్వాత ఒక్కొక్కటే నేర్చుకుని సరిగ్గా చేసుకున్న పద్ధతి ఇది. కారు పనులు కొంచెం తెలిసినవాళ్ళు ఒక పూటలో చేసుకోవచ్చు.

కొత్త బల్బు కొనే ముందు

చాలా కార్లలో తప్పు బల్బుది కాదు. ముందు లైటు అద్దం చూడండి. మన రోడ్ల దుమ్ము, ఎర్రమట్టి, చేపల లారీల నుంచి కారే నీళ్ళు ఎండి అద్దం మీద పొరలా పేరుకుంటాయి. సబ్బు నీళ్ళతో, మెత్తటి గుడ్డతో కడిగి చూడండి. గాజు అద్దమైతే దాంతో సరిపోతుంది. ప్లాస్టిక్ అయి, పసుపు పట్టి మసకగా ఉంటే వెయ్యి, రెండువేలు, మూడువేల నంబరు నీటి కాగితాలతో వరసగా, నీళ్ళు పోస్తూ రుద్ది, చివర పాలిష్ పెట్టండి. మసక లోపలివైపు ఉన్నా, బల్బు వెనక మెరిసే అద్దం పొర పెచ్చులూడినా, నల్లబడినా ఎంత ఖరీదు బల్బు వేసినా వెలుగు రాదు. లైటు మొత్తం మార్చాల్సిందే. ఆ డబ్బు బల్బు మీద పోయకండి.

తర్వాత కరెంటు. దీన్ని దాదాపు ఎవరూ చూడరు, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. హాలోజన్ బల్బుకి (లోపల తీగ వేడెక్కి వెలిగేది) వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు ఇంచుమించు 30 శాతం పడిపోతుంది. అంటే పాత వైరూ, తుప్పు పట్టిన ఎర్తూ (కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్ళే దారి) కలిసి మీ వెలుగులో మూడో వంతు మింగేయగలవు. సముద్రానికి దగ్గరగా తిరిగే కార్లకు, ఉప్పాడ, అంతర్వేది, ఓడలరేవు వైపు వాళ్ళకు ఈ బాధ మరీ ఎక్కువ. ఉప్పుగాలికి కప్లర్ (బల్బుకి వైర్లు తగిలించే ప్లాస్టిక్ ముక్క) లోపల రాగి పిన్నులు చిలుం పడతాయి.

మల్టీమీటరు తీసుకోండి. ఇంజను ఆన్‌లో పెట్టి ఫాగ్ లైట్లు వేయండి. ముందు బ్యాటరీ మీద చూడండి, 14 వోల్టుల అటూ ఇటూ ఉంటుంది. తర్వాత బల్బు కప్లర్ వెనకనుంచి పిన్నులకు సూదులు తగిలించి చూడండి. బల్బు వెలుగుతూ ఉండగానే చూడాలి. కప్లర్ ఊడదీసి కొలిస్తే లోడు ఉండదు, అంతా బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. రెండింటికీ తేడా అర వోల్టు లోపైతే మీ వైరింగు బాగున్నట్టే. అంతకంటే ఎక్కువుంటే ఎర్త్ విడిగా కొలవండి: నల్ల సూది బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర సూది బల్బు ఎర్త్ పిన్ను మీద. 0.2 వోల్టులు దాటితే తప్పు ఎర్త్‌లోనే. ఎర్త్ బోల్టు విప్పి, కింద రేకు మెరిసేదాకా ఉప్పుకాగితంతో గీకి, మళ్ళీ గట్టిగా బిగించండి.

నా కారులో కుడివైపు కప్లర్ విప్పినప్పుడు ఒక పిన్ను చుట్టూ ఆకుపచ్చ పొడి పేరుకుని ఉంది, ప్లాస్టిక్ కాలిన బెల్లంలా గోధుమరంగుకి తిరిగి కొంచెం కరిగింది. ముట్టుకుంటే పిన్ను వదులుగా ఆడింది. అలాంటి కప్లర్‌ని శుభ్రం చేసి మళ్ళీ పెట్టకండి, కొత్తది వేయించండి. అది మార్చి, ఎర్త్ గీకి బిగించేసరికి, పాత బల్బుతోనే వెలుగు కంటికి తెలిసేంత పెరిగింది. మీకు ఇక్కడే సరిపోతే పని అయిపోయినట్టే.

ఏ బల్బు పడుతుంది?

బల్బు రకం లైటు అద్దం మీదో, వెనక ప్లాస్టిక్ మీదో అచ్చుపోసి ఉంటుంది. కారు పుస్తకంలోనూ ఉంటుంది. షాపులో అబ్బాయి "ఇది అన్నింటికీ పడుద్దండీ" అంటే నమ్మకండి, అచ్చు చూడండి. మన దగ్గర కార్లలో ఎక్కువగా కనపడేవి ఇవి: హెచ్11 అయితే 55 వాట్లు, 1350 ల్యూమెన్లు (బల్బు ఇచ్చే మొత్తం వెలుగు కొలత). హెచ్8 అయితే 35 వాట్లు, 800 ల్యూమెన్లు. హెచ్16 అయితే 19 వాట్లు, 500 ల్యూమెన్లే. పాత కార్లలో హెచ్3 ఉంటుంది, 55 వాట్లు, 1450 ల్యూమెన్లు. హెచ్‌బీ4 అయితే 51 వాట్లు, సుమారు 1100 ల్యూమెన్లు.

హెచ్8, హెచ్9, హెచ్11, హెచ్16 చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకదాని బదులు ఒకటి పడకూడదనే వాటి అడుగున చెవులు వేరువేరుగా పెట్టారు. ఆ చెవి బ్లేడుతో కోసి, హెచ్8 ఉన్నచోట హెచ్11, హెచ్11 ఉన్నచోట హెచ్9 దూర్చేవాళ్ళున్నారు. వద్దని గట్టిగా చెబుతున్నాను. హెచ్9కి 2100 ల్యూమెన్లు ఉన్న మాట నిజమే, కానీ అది హై బీమ్ కోసం చేసిన బల్బు. హెచ్11 కొన మీద నల్ల రంగు టోపీలా ఉంటుంది, సూటిగా ముందుకొచ్చే వెలుగుని ఆపేది అదే. హెచ్9కి ఆ టోపీ లేదు, ఎదుటివాడి కళ్ళలోకి నేరుగా కొడుతుంది. ఇక 35 వాట్ల లైటులో 55 వాట్లు పెడితే వేడికి లోపలి ప్లాస్టిక్, అద్దం పొర తట్టుకోవు.

100 వాట్ల బల్బుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఇవి ఇప్పటికీ దొరుకుతున్నాయి కాబట్టి. 55 వాట్ల బల్బు సుమారు 4.6 ఆంపియర్లు లాగుతుంది, రెండూ కలిసి 9 పైచిలుకు. 100 వాట్లవైతే రెండూ కలిసి 16 దాటతాయి. కంపెనీ ఇచ్చిన ఫ్యూజు కొట్టేస్తుంది. అప్పుడు కొందరు పెద్ద ఫ్యూజు వేస్తారు. ఆ తర్వాత కాలేది ఫ్యూజు కాదు, బంపరు వెనక వైరు. ఫ్యూజు నంబరు ఎప్పుడూ పెంచకండి.

మరి ఏది కొనాలి?

నా ఓటు మంచి కంపెనీ హాలోజన్‌కే. లైటు మీద రాసిన రకమే, రాసిన వాట్లే, కానీ మెరుగైన తీగ ఉన్నది. డబ్బా మీద "100 శాతం ఎక్కువ", "130 శాతం ఎక్కువ" అని ఉంటుంది. మొత్తం వెలుగు రెండింతలు అవుతుందని అనుకోకండి. రోడ్డు మీద ఒక చోట పడే వెలుగుని, నిబంధన ప్రకారం ఉండాల్సిన కనీస వెలుగుతో పోల్చి చెప్పే లెక్క అది. తీగని చిన్నగా, మరింత వేడిగా వెలిగేలా చేసి వెలుగుని ఒకచోట పోగుచేస్తారు. తేడా కంటికి తెలుస్తుంది. బదులుగా అది తొందరగా మాడిపోతుంది. ఏడాదికి కొన్ని వారాలే వాడే ఫాగ్ లైటుకి అదేమంత నష్టం కాదు. రెండూ ఒకేసారి మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటే రోడ్డు ఒకవైపు వాలినట్టు కనపడి కన్ను మోసపోతుంది.

రంగు విషయంలో మనవాళ్ళలో పెద్ద వాదన ఉంది. పసుపు వెలుగు మంచుని చీల్చుకుపోతుందంటారు. అది అంత నిజం కాదు. మంచు బిందువులు వెలుగు తరంగం కంటే చాలా పెద్దవి, అన్ని రంగుల్నీ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. కానీ పసుపులో నీలం పాలు ఉండదు, నీలం వెలుగే కంటికి ఎక్కువ మిరుమిట్లు తెస్తుంది. అందుకని మంచు నుంచి తిరిగి వచ్చే వెలుగు పసుపైతే కన్ను అంత తొందరగా అలిసిపోదు. ఫ్రాన్సులో 1936 నుంచి 1993 దాకా కార్ల ముందు లైట్లకు పసుపే ఉండాలని చట్టం ఉండేది. నేను పసుపు హాలోజన్‌తోనే తిరుగుతున్నాను. గంటసేపు మంచులో నడిపాక ఆ తేడా నాకు స్పష్టంగా తెలుస్తుంది. పసుపు పూత వెలుగులో కొంత తినేస్తుందన్నది కూడా లెక్కలో ఉంచుకోండి. 6000 కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే కొలత) అని రాసిన నీలి తెలుపు బల్బులు మాత్రం మంచుకి అసలు పనికిరావు.

ఎల్ఈడీ ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెప్పాలి. హాలోజన్ లైటు వెనక ఉండే అద్దం గిన్నె, బల్బు తీగ ఎక్కడుందో ఆ చోటుని లెక్కవేసి తయారుచేస్తారు. వెలుగు సరిగ్గా ఆ చోటు నుంచే పుడితే కిందకి, వెడల్పుగా, పైన కత్తితో కోసినట్టు పడుతుంది. ఎల్ఈడీలో వెలుగు రెండు పక్కల ఉన్న చిప్పుల నుంచి పుడుతుంది. ఆ చోటు ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగినా పైకి, పక్కలకి చెదిరిపోతుంది. నాకు ట్రాక్టరు ఎదురైన రోజున జరిగింది అదే. పైగా డబ్బా మీద 20,000 ల్యూమెన్లని రాస్తారు. మంచి ఎల్ఈడీ వాటుకి సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుంది. 20 వాట్ల బల్బు ఎంత బాగున్నా 2,000 దగ్గర ఆగుతుంది. ఆ డబ్బా మీది అంకె నమ్మి నాలాగా కొనకండి.

ఇంకొకటి. హాలోజన్ వేడికి లైటు లోపల పట్టిన చెమ్మ ఆరిపోతుంది. ఎల్ఈడీ ముందువైపు వేడి రాదు, మన తేమకి అద్దం లోపల నీటి ఆవిరి అలాగే నిలిచిపోతుంది. అయినా ఎల్ఈడీయే కావాలనుకుంటే, ఎల్ఈడీ కోసమే తయారుచేసిన లైటు మొత్తం, ఆమోదం గుర్తు ఉన్నది, మీ కారుకి సరిపడేది వేయించండి.

బిగించడం

కారు చదునైన చోట పెట్టండి. లైట్లు వేసి ఉంటే ఆర్పి అరగంట ఆగండి, హాలోజన్ గాజు చెయ్యి కాలేంత వేడిగా ఉంటుంది. కారు తాళంచెవి బయటికి తీసేయండి.

కారు కిందికి ఉంటుంది కాబట్టి నేరుగా కింద నుంచి చెయ్యి పట్టదు. చాలా కార్లలో దారి టైరు ముందున్న ప్లాస్టిక్ లైనరు వెనక నుంచి ఉంటుంది. కుడి లైటు మార్చాలంటే స్టీరింగు పూర్తిగా ఎడమకి, ఎడమ లైటు మార్చాలంటే కుడికి తిప్పండి. అప్పుడు టైరు ముందు చెయ్యి పట్టేంత జాగా వస్తుంది. చాలకపోతే జాకీ వేసి చక్రం విప్పాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందకి తల పెట్టొద్దు, కింద స్టాండు పెట్టండి, వెనక చక్రాలకు రాళ్ళు పెట్టండి. కొన్ని కార్లలో బంపరు ముందువైపున్న చిన్న జాలీ ఊడదీస్తే స్క్రూలు కనపడతాయి, లైటు ముందుకే వచ్చేస్తుంది. మీ కారుది ఏ పద్ధతో పుస్తకంలో చూసుకోండి.

లైనరు క్లిప్పుల మధ్య పిన్నుని చదును స్క్రూడ్రైవరుతో పైకి లేపి, తర్వాత క్లిప్పుని లాగండి. ఎండకి పెళుసెక్కి ఒకటో రెండో విరుగుతాయి, ముందే అర డజను కొని దగ్గర పెట్టుకోండి. లైనరు మొత్తం విప్పక్కర్లేదు, చెయ్యి దూరేంత వంచితే చాలు.

కప్లర్ లాక్ నొక్కి పట్టుకుని ప్లాస్టిక్‌నే లాగండి, వైర్లు పట్టి లాగకండి. బల్బుని అపసవ్యంగా పావు తిప్పు తిప్పితే బయటికి వస్తుంది. పాత బల్బు, కొత్త బల్బు పక్కపక్కన పెట్టి చెవులు, రబ్బరు రింగు ఒకేలా ఉన్నాయా చూడండి.

కొత్త బల్బు గాజుని వేళ్ళతో ముట్టుకోకూడదు. మన వేలికుండే నూనె గాజు మీద అంటుకుంటే, వెలిగినప్పుడు ఆ చోటే ఎక్కువ వేడెక్కి గాజు ఉబ్బి పగులుతుంది. కొబ్బరినూనె రాసుకున్న తల సవరించుకున్న చేత్తో అసలు పట్టుకోకండి. మందుల షాపులో దొరికే రబ్బరు గ్లవుజులు వేసుకోండి, అడుగున ప్లాస్టిక్ దగ్గరే పట్టుకోండి. పొరపాటున తగిలితే సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి, ఆరాక పెట్టండి.

చెవులు గాడిలో కూర్చోబెట్టి పావు తిప్పు సవ్యంగా తిప్పండి. ఇక తిరగనని ఆగినచోట ఆగండి. కప్లర్ పిన్నులకు చిటికెడు సిలికాన్ గ్రీజు రాసి, టక్కుమనేదాకా నొక్కండి. మన ఉప్పుగాలికి ఈ చిటికెడు గ్రీజు చేసే మేలు అంతా ఇంతా కాదు. రబ్బరు రింగు సరిగా కూర్చోకపోతే మొదటి వానకే లోపలికి నీళ్ళు చేరతాయి, అది ఒకసారి వేలితో చుట్టూ తడిమి చూడండి. లైనరు బిగించే ముందే లైటు వేసి చూసుకోండి.

రిలే ఎప్పుడు వేయాలి?

రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చు. వోల్టేజి తేడా ఎక్కువుండి, ఎర్త్ శుభ్రం చేసినా తగ్గకపోతేనే అది వేయాలి. బ్యాటరీ నుంచి నేరుగా ఒక 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు తీసుకుని, బ్యాటరీకి జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, రిలే మీద 30 అని రాసి ఉన్న పిన్నుకి కలపండి. 87 నుంచి రెండు లైట్లకు వెళ్ళాలి. ఇదివరకు లైటుకి వచ్చిన ప్లస్ వైరు ఇప్పుడు 86కి, 85 నుంచి బాడీ ఎర్త్‌కి. అప్పుడు స్విచ్చు మీద లోడు పడదు, బల్బులకు నిండు వోల్టేజి అందుతుంది. వైర్లు రేకు అంచులకు రాసుకోకుండా గొట్టంలో పెట్టి కట్టండి, రిలే మూతి కిందకి ఉండేలా బిగించండి, నీళ్ళు నిలవవు. బల్బు కరెంటుని కంప్యూటరు కనిపెట్టుకుని ఉండే కొత్త కార్లలో ఈ పని జోలికి వెళ్ళకండి. డ్యాష్‌బోర్డు మీద బల్బు పోయిందని గుర్తు వెలుగుతుంది, వారంటీ కూడా పోవచ్చు. ఈ పని చేతకాదనిపిస్తే మంచి ఆటో ఎలక్ట్రీషియన్ చేత చేయించండి.

దించి సరిచేయడం

బల్బు మార్చినవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడికి రాకుండానే వెళ్ళిపోతారు. సగం పని ఇదే.

చదునైన నేల, ఎదురుగా తెల్లగోడ కావాలి. మా వైపు దీనికి రైస్ మిల్లు కళ్ళాన్ని మించిన చోటు లేదు. ధాన్యం ఆరబోసే సిమెంటు నేల మట్టంగా ఉంటుంది, చివర గోడౌను గోడ ఉంటుంది. ధాన్యం లేని రోజు చూసుకుని, మిల్లు వాళ్ళని అడిగి రాత్రి వెళ్ళండి.

టైర్లలో గాలి సరిచూసుకోండి. మీ బరువు ఉన్నవాళ్ళని ఎవరినైనా డ్రైవరు సీట్లో కూర్చోబెట్టండి. కారుని గోడకి ఆనించినంత దగ్గరగా తెచ్చి, ఫాగ్ లైటు మధ్యభాగం ఎత్తున గోడ మీద సుద్దముక్కతో అడ్డగీత గీయండి. దానికి 4 అంగుళాలు కింద ఇంకో గీత. ఇప్పుడు కారుని సూటిగా వెనక్కి తీసి, లైటు నుంచి గోడకి 25 అడుగులు వచ్చేలా ఆపండి. ఒక్కో లైటుని విడిగా చూడాలి, రెండోదానికి ముందు అట్టముక్క అడ్డం పెట్టండి, గుడ్డ కప్పకండి, కాలుతుంది. గోడ మీద వెలుగు పై అంచు కింది గీతని తాకాలి. లైటు పక్కన చిన్న కంతలో ఉండే స్క్రూని కొద్దికొద్దిగా తిప్పుతూ అక్కడికి తెచ్చుకోండి.

25 అడుగులకు 4 అంగుళాలు దిగడమంటే ఎంతో లెక్క చూద్దాం. కిందికుండే కారుకి ఫాగ్ లైటు నేలకి 14 అంగుళాల ఎత్తున ఉంటుంది. ఆ వాలుతో వెలుగు పై అంచు 87 అడుగుల దగ్గర, అంటే 26 మీటర్ల పైచిలుకులో రోడ్డుని తాకుతుంది. మీకు కనపడేది అంతవరకే. 40 కిలోమీటర్ల వేగంలో వెళుతుంటే, ఎదురుగా గేదె కనపడి కాలు బ్రేకు మీదకి చేరే ఒకటిన్నర సెకన్లలోనే 16, 17 మీటర్లు అయిపోతాయి. మిగిలింది 10 మీటర్లు, అదీ మంచుకి తడిసిన రోడ్డు మీద. కాబట్టి దూరం చాలట్లేదని లైటుని పైకెత్తకండి, వేగం 30 లోపుకి దించండి. లైటుని పైకెత్తితే ఆ వెలుగు మంచు మీద పడి మీ కళ్ళలోకే తిరిగి వస్తుంది.

గోడ పరీక్ష అయ్యాక ఇంకొకటి చేయండి. 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 106వ నిబంధన దీని గురించే చెబుతుంది: లైటు ముందు 8 మీటర్ల దూరంలో, లైటు కుడి అంచుకి అర మీటరు కుడిగా, నేల నుంచి మీటరున్నర ఎత్తున కన్ను ఉన్న మనిషికి మిరుమిట్లు కొట్టకూడదు. మీరే వెళ్ళి ఆ చోట ఆ ఎత్తున కళ్ళు పెట్టి నిలబడి చూడండి. కళ్ళు చికిలించాల్సి వచ్చిందంటే ఇంకా దించాలి. ఎదురుగా సైకిలు మీద పాల క్యాన్లతో వచ్చే మనిషి కన్ను కూడా ఇంచుమించు ఆ ఎత్తులోనే ఉంటుంది.

మంచులో వాడేటప్పుడు

ఫాగ్ లైట్లతో పాటు హెడ్ లైటు డిమ్ములోనే ఉంచండి. హై బీమ్ వేస్తే ఇంత కష్టపడి చేసిందంతా వృథా. వైపరు, ముందు అద్దానికి లోపలివైపు ఏసీ గాలి ఆన్‌లో ఉంచండి. చూపు ఎడమవైపు అంచు మీద పెట్టండి, తారుకీ మట్టికీ రంగు తేడా వెడల్పుగా పడే వెలుగులో బాగా తెలుస్తుంది. కారుకి వెనక ఫాగ్ లైటు ఉంటే దట్టమైన మంచులో వేయండి, మంచు పల్చబడగానే ఆపేయండి, వెనకొచ్చేవాళ్ళకు అది బ్రేకు లైటులా కనపడి కంగారు పెడుతుంది. ముందువీ అంతే. మంచు లేని రాత్రి షోకు కోసం ఫాగ్ లైట్లు వేసుకుని తిరగొద్దు.

వానాకాలం అయిపోగానే, కార్తీక మాసంలో ఒకసారి కప్లర్ విప్పి చిలుం పట్టిందేమో చూడండి, అద్దం లోపల చెమ్మ ఉందేమో చూడండి. బంపరు ఎక్కడైనా గట్టిగా తగిలినా, చక్రాలూ సస్పెన్షనూ మార్చినా గోడ పరీక్ష మళ్ళీ చేయాలి. తీసేసిన పాత బల్బులు వెలుగుతూ ఉంటే పారేయకండి. కొత్త బల్బు వచ్చిన డబ్బాలోనే పెట్టి, రెండు ఫ్యూజులు, ఒక జత గ్లవుజులు, చదును స్క్రూడ్రైవరు కలిపి డిక్కీలో ఉంచుకోండి. తెల్లారగట్ల నాలుగింటికి గట్టు రోడ్డు మీద ఒక లైటు ఆరిపోతే షాపు తెరిచి ఉండదు.